‘ఆఫెన్’ అంటే ఎంత తరచు?

ఒక పని ఎన్నిసార్లు జరుగుతుందో తెలిపే ఆంగ్ల క్రియావిశేషణాలలో మిక్కిలి వాడుకలో ఉన్నవాటిలో ఒకటి ‘ఆఫెన్’. తెలుగులో దీనికి దగ్గరి మాట ‘తరచు’. పలుమార్లు, మాటిమాటికి, పదేపదే అనేవీ ఆ కోవకు చెందినవే. అయినా ఒకటి ఉన్నచోట మరొకటి అన్నివేళలా ఒదగదు. ఆంగ్ల పర్యాయపదాల తీరూ ఇదే.

‘ఫ్రీక్వెంట్లీ’ అర్థంలో ‘ఆఫెన్’కు సమానమే గాని, మాటలో కంటే రాతలో ఎక్కువ కనిపిస్తుంది. అర్జీలకు, నివేదికలకు తగినది. ‘రిపీటెడ్లీ’ అంటే అదే పని మళ్లీ మళ్లీ జరగడం. వీధి దీపం గురించి పంచాయతీకి పలుమార్లు విన్నవించామని రాయడానికి ఈ మాట సరిపోతుంది. ‘యూజువల్లీ’ అంటే మామూలుగా. ఇది ‘ఆఫెన్’ కంటే బలమైనది. అరుదుగా జరిగే దానికి ‘రేర్లీ’, ‘సెల్డమ్’ అనే మాటలున్నాయి.

‘రెగ్యులర్లీ’ విషయంలో జాగ్రత్త అవసరం. దాని ప్రధానార్థం తరచు అని కాదు, క్రమం తప్పకుండా అని. నెలకొకసారి జరిగేది కూడా రెగ్యులర్లీ జరిగేదే. మందు రెగ్యులర్లీ వాడమని వైద్యుడు చెబితే, చెప్పిన వేళకు మానకుండా వేసుకోవాలని భావం. ఎక్కువసార్లు వేసుకోవాలని కాదు.

సరిహద్దు గ్రామాల పిల్లలకు మరొక చిక్కు ఉంది. బడిలో ఆంగ్లపదానికి అర్థం రాష్ట్ర భాషలో చెబుతారు. ఇంటికి వచ్చి దానిని తెలుగులో చెప్పుకోవాలి. కన్నడంలోని ‘పదే పదే’ తెలుగులోనూ అదే. తమిళంలోని ‘అడిక్కడి’ అంటే తరచు. మరాఠీలోని ‘వారంవార్’ మాత్రం మోసగిస్తుంది. దాని అర్థం మాటిమాటికి అని. తెలుగు చెవికి అది ‘వారం వారం’ అని వినిపిస్తుంది. జ్వరం రోజూ వస్తున్నదో, వారానికొకసారి వస్తున్నదో చెప్పవలసిన చోట ఈ పొరపాటు చిన్నది కాదు.

వాక్యంలో ‘ఆఫెన్’ సాధారణంగా ప్రధాన క్రియకు ముందు వస్తుంది: ‘షి ఆఫెన్ కమ్స్ లేట్’. ‘ఈజ్’, ‘ఆర్’, ‘వాజ్’ వంటివే క్రియలైనప్పుడు వాటి తరువాత వస్తుంది: ‘షి ఈజ్ ఆఫెన్ లేట్’. ఉచ్చారణలో ‘ఆఫెన్’, ‘ఆఫ్టెన్’ రెండూ నిఘంటువుల్లో ఉన్నాయి. ‘ట’కారం పలికిన పిల్లవానిని తప్పు పట్టనక్కరలేదు.

అన్నిటికంటే ముఖ్యమైనది ఒకటుంది. ‘ఆఫెన్’ చాలాసార్లు అని చెబుతుందే తప్ప, ఎన్నిసార్లో చెప్పదు. ఆసుపత్రిలో ‘హౌ ఆఫెన్?’ అని అడిగితే, ఎన్నాళ్లకు ఎన్నిసార్లు అని అడిగినట్లు. బిడ్డకు మూర్ఛ వస్తున్నప్పుడు ‘ఆఫెన్’ అని బదులిస్తే వైద్యునికి తెలిసేది స్వల్పం. ‘ట్వైస్ ఎ మంత్’ అంటే నెలకు రెండుసార్లు. ‘వన్స్ ఎ వీక్’ అంటే వారానికొకసారి. ఇలా లెక్కతో చెప్పాలి. అర్జీలోనూ బస్సు తరచు రావడం లేదని రాయడం కంటే, గత నెలలో ఏయే తేదీల్లో రాలేదో రాస్తే ఆ విన్నపానికి బలం చేకూరుతుంది. లెక్క తెలిసినచోట లెక్క చెప్పడం, తెలియనిచోటనే ‘ఆఫెన్’ వాడడం మంచి పద్ధతి.