గుట్ట ఒక్కటే - ఏలుబడి రెండు

ఖాజాగూడ: రాయదుర్గం, నానక్‌రామ్‌గూడ, మణికొండల నడుమ వున్న ఈ వూరికి గుర్తు ఫక్రుద్దీన్ గుట్ట. సుమారు 250 కోట్ల యేళ్ళ నాటి గ్రానైటు బండలవి. ఫక్రుద్దీన్ ఔలియా దర్గా, అనంత పద్మనాభస్వామి గుడి రెండూ ఈ బండల మధ్యనే వున్నాయి.

బండకు హద్దు లేదు గాని కాగితానికి వున్నది. గుట్టలో కొంత భాగం పుప్పాలగూడ రెవెన్యూ గ్రామానిది. 1978లో రంగారెడ్డి జిల్లా ఏర్పడినపుడు రెండు వూళ్ళూ ఈ జిల్లాలోకే వచ్చాయి. 1985లో మండలాలు రాగా ఖాజాగూడ శేరిలింగంపల్లిలో, పుప్పాలగూడ రాజేంద్రనగర్‌లో పడ్డాయి. 2007 ఏప్రిల్‌లో శేరిలింగంపల్లి మునిసిపాలిటీని గ్రేటర్ హైదరాబాద్‌లో కలిపారు. పుప్పాలగూడలో మాత్రం 2018 దాకా గ్రామ పంచాయతీయే. అంటే పదకొండేళ్ళపాటు ఒకే గుట్టకు ఇటు మహానగరం, అటు పంచాయతీ! బండ పగులగొడుతున్నారని ఫిర్యాదు చేయాలన్నా, ముందు తాను ఏ వూళ్ళో నిలబడ్డాడో మనిషి తేల్చుకోవాలి.

వూరి భగీరథమ్మ చెరువుదీ హద్దుల తగవే. శిఖంలోకి జరిగిన ఆక్రమణలను 2024 డిసెంబరు 31న ‘హైడ్రా’ సిబ్బంది తొలగించారు. నిబంధన పాతదే: చెరువు 25 ఎకరాలు మించితే నిండుమట్టం గీత నుంచి 30 మీటర్లు, అంతకు చిన్నదైతే 9 మీటర్లు కట్టడాలు కూడదు. ఆ గీత నేలమీద కనిపించకపోవడమే చిక్కంతా. పంచాయతీ వుండగానే సర్వే చేయించి హద్దురాళ్ళు నాటించుకున్న వూరికి ఈ బాధ కొంత తక్కువ.