పచ్చివాసన పోవాలా... ఉండాలా?

"ఏవే, ఇంకా పచ్చివాసన పోలేదే!" అంది మా అమ్మ, మూకుట్లోకి తొంగిచూసి.

"పోకూడదమ్మా. రుచంతా అందులోనే ఉంది," అంది మా చెల్లెలు.

మొన్న వేసవిలో రాజోలు దగ్గర మా పుట్టింట్లో విన్న మాటలివి. థాయ్ కూరకీ మన కూరకీ తేడా ఏమిటని ఎవరైనా అడిగితే, ఇప్పుడు నేను ఈ రెండు మాటలే చెబుతున్నాను.

అసలు సంగతి అంతకు మూడు రోజుల ముందు మొదలైంది. మా చెల్లెలి కాపురం బ్యాంకాక్‌లో. ఏడేళ్ళ కొడుకుని తీసుకుని ఏడాదికోసారి వస్తుంది. మనవడొచ్చాడని అమ్మ లేత పనసకాయ కొట్టించి, పొట్టుకూర వండి, ఘాటుగా ఆవ పెట్టింది. పిల్లాడు ఒక్క ముద్ద తిని, కళ్ళనీళ్ళు పెట్టుకుని కంచం జరిపేశాడు. మర్నాడు గుత్తివంకాయ. అదీ అంతే. పెరుగన్నం తిని లేచిపోయాడు.

అమ్మ పైకేమీ అనలేదు. రాత్రి గిన్నెలు సర్దుతూ మాత్రం, "ఇరవై రోజులుండి పోతాడు. నా చేతి కూర ఒక్కటైనా వాడికి గుర్తుండొద్దూ?" అంది. ఆ మాట చెల్లెలికి గుచ్చుకుంది. "నేను అలవాటు చెయ్యలేదనేగా!" అని విసురుగా లోపలికి వెళ్ళిపోయింది.

తెల్లారేసరికి చెంగు దోపుకుని వంటింట్లో ఉంది. "ఇవాళ వంట నాది. పాలు తియ్యడం మాత్రం నీదమ్మా," అని రెండు ముదురు కొబ్బరికాయలు అమ్మ ముందు పెట్టింది.

కొబ్బరి అదే... వాడకం వేరు

కోనసీమలో కొబ్బరికి కొదవేముంది? దింపు తీసిన కాయలు పెరట్లో రాశిగా పడి ఉంటాయి. అంబాజీపేట మార్కెట్టు నుంచి ఊళ్ళకి ఊళ్ళు దాటి వెళ్తాయి. కాని మన ఇళ్ళలో వాటితో చేసేదేమిటి? పచ్చడి, కొబ్బరన్నం, లౌజు, కూరలో చల్లే కొబ్బరికోరు. పాలు తీసి రోజువారీ కూర వండేది కేరళవాళ్ళు. ఆ తరువాత థాయ్ వాళ్ళు.

అమ్మ కొబ్బరి కోరి, గోరువెచ్చటి నీళ్ళతో పిండింది. మొదటి చిక్కటిపాలు ఒక గిన్నెలో, రెండోసారి తీసిన పల్చటిపాలు ఇంకో గిన్నెలో. చెల్లెలు మూకుట్లో నూనె పొయ్యలేదు. చిక్కటిపాలే పోసి మరిగించింది. కాసేపటికి పాలు విరిగి నూనె తేలింది. "అక్కా, వాళ్ళకి ఇదే నూనె," అంది. ఆవాలు లేవు, మినప్పప్పు లేదు, ఎండుమిరపకాయ లేదు. పోపు చిటపట వినపడని పొయ్యి దగ్గర మా అమ్మకి కాళ్ళూ చేతులూ ఆడలేదంటే నమ్మండి!

పొడి కాదు, ముద్ద

ఆ నూనెలో వేసింది రోట్లో నూరిన పచ్చముద్ద. పదిహేను పచ్చిమిరపకాయలు, నిమ్మగడ్డి మొదళ్ళు రెండు, నాలుగు చిన్న ఉల్లిపాయలు, ఆరు వెల్లుల్లి రెబ్బలు, కాస్త దుంపరాష్ట్రకం, నిమ్మతొక్క, మనం కోసి పారేసే కొత్తిమీర వేళ్ళు, చెంచాడు ధనియాలు, కొంచెం జీలకర్ర, మిరియాలు. ఉప్పేసి పులియబెట్టిన రొయ్యముద్ద కూడా కాస్త కలుపుతారు. రొయ్యపొట్టు వండుకునే మనకి ఆ వాసన కొత్తేమీ కాదు.

ఇక్కడే అసలు తేడా. మనం ధనియాలు, మెంతులు, ఎండుమిర్చి వేయించి పొడి కొడతాం. ఉల్లిపాయ ఎర్రబడేదాకా నిలబడతాం. పచ్చివాసన పోయి, నూనె పైకి తేలితేగాని కూర అయినట్టు కాదు. వాళ్ళు ఎక్కువగా వేళ్ళూ, ఆకులూ, పచ్చి దినుసులూ నూరతారు. ముద్ద ఘుమాయించగానే కోడిముక్కలు, పల్చటిపాలు, వంకాయముక్కలు వేసి, ఉడకగానే దింపేస్తారు. చివర్లో వేసే ఆకు వాడిపోకముందే వడ్డిస్తారు. మా చెల్లెలు వేసింది రుద్రజడ, అదే మన సబ్జాగింజల మొక్క. ఇంకో వేపుడులో తులసి కూడా వేస్తారని చెబితే, అమ్మ గబుక్కున తులసికోట వైపు చూసింది!

అలాగని వాళ్ళకి మసాలా తెలియదని కాదు. మస్సమన్ అనే కూరలో ఏలకులు, దాల్చినచెక్క, లవంగాలు వేయించే వేస్తారు. అది ముస్లిం వర్తకుల వంట నుంచి వచ్చిందంటారు. ఇక మిరపకాయ అటు వాళ్ళదీ కాదు, ఇటు మనదీ కాదు. 16వ శతాబ్దంలో పోర్చుగీసు వర్తకంతో ఇద్దరికీ చేరింది. అంతకు ముందు ఇద్దరికీ కారమంటే మిరియమే.

అమ్మ చేతి రుచి

ఉప్పుకి బదులు చేపలు ఊరవేసి తీసిన ఫిష్‌సాస్, చిటికెడు తాటిబెల్లం వేసి దింపింది. పిల్లాడు చెంచాతో రెండుసార్లు పెట్టించుకున్నాడు. "పాలు తీసింది అమ్మమ్మేరా," అంటే, "అందుకే బావుంది," అన్నాడు. అమ్మ మొహం చూడాలి! అయినా తను తిని, "బానే ఉంది గాని, పోపు పడితే ఇంకా బావుణ్ణు," అంది.

మర్నాడు అమ్మ ఆవ జోలికి పోలేదు. గుమ్మడికాయ పులుసు పెట్టింది. చింతపండు, బెల్లం, ఉప్పు, కారం. వాడు మాట్లాడకుండా తిన్నాడు. చెల్లెలు నవ్వి, "పులుపూ, తీపీ, ఉప్పూ, కారం సరిచూసుకోవడం అక్కడా ఇంతేనమ్మా. ఇది నాకెందుకు తట్టలేదో!" అంది. రెండు రోజులుగా అమ్మకీ దానికీ మధ్య బిగుసుకున్నదేదో అప్పుడు వదులైంది. ఆ ఇరవై రోజుల్లో గుమ్మడికాయ పులుసు ఐదుసార్లు పెట్టింది అమ్మ.

వాళ్ళు వెళ్ళిన మర్నాడు నేనూ బయల్దేరుతుంటే అమ్మ గుమ్మందాకా వచ్చి, "ఈసారొచ్చేటప్పుడు నిమ్మగడ్డి దుబ్బు ఒకటి తీసుకురావే. నూతి పక్కన వేస్తాను. వచ్చే వేసవికి ఎదుగుతుంది," అంది.