కారుకు బదులు సైకిలు – ఇంటిల్లిపాదికీ వ్యాయామం

జంగారెడ్డిగూడెం వంటి పట్టణాలలో మధ్యతరగతి ఇంటి రాకపోకలు చాలావరకు రెండు మూడు కిలోమీటర్లకు మించవు. పిల్లల బడి, కూరగాయల బజారు, బ్యాంకు, మందుల దుకాణం – ఇంతే కదా! ఆపాటి దూరానికీ కారు బయటికి తీసేవారే స్థౌల్యానికి, మధుమేహానికి చూర్ణం ఇమ్మని నా వద్దకు వస్తుంటారు. చూర్ణం ఇస్తాను గాని, ఇంట్లో సైకిలు ఉన్నదా అని ముందుగా అడుగుతాను.

వ్యాయామం వల్ల దేహానికి తేలికదనం, పని చేసే శక్తి, జఠరాగ్నికి దీప్తి కలుగుతాయనీ, మేదస్సు క్షీణిస్తుందనీ వాగ్భటుడు అష్టాంగహృదయంలో చెప్పాడు. అయితే బలవంతుడైనా అర్ధశక్తితోనే చేయాలి. నోటితో శ్వాస తీయవలసి వచ్చినదంటే అర్ధశక్తి ముగిసినదని సుశ్రుతుని మతం. మనది మెట్ట ప్రాంతం. కొల్లేటి వైపు రోడ్లవలె చదునుగా ఉండదు. ఎత్తు వచ్చినచోట దిగి నడిపించుకొని వెళ్లడంలో చిన్నతనమేమీ లేదు.

మూడు కిలోమీటర్లకు పావుగంట చాలు. రానుపోను అరగంట, వారానికి ఐదు రోజులైతే 150 నిమిషాలు. పెద్దలకు కనీసం ఇంత వ్యాయామం కావాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతున్నది. శరీరభారం సీటుపై ఉంటుంది కనుక, పరుగుతో పోల్చితే మోకాళ్లపై ఒత్తిడి తక్కువ. పెడలు అడుగుకు చేరినప్పుడు మోకాలు కొద్దిగా మాత్రమే వంగేటట్లు సీటు ఎత్తు అమర్చుకోవాలి.

పిల్లలను ఎక్కించుకొనేవారు వెనుక చక్రానికి ఊచలు కప్పే జాలీ తప్పక వేయించాలి. పసివారి పాదాలు, చీర కొంగులు చిక్కుకొనేది అక్కడే. డెన్మార్కులో పిల్లలను ముందు పెట్టెలో కూర్చోబెట్టుకొని తల్లిదండ్రులే తొక్కే మూడు చక్రాల సైకిళ్లున్నాయి. మన బడి రిక్షాకు అవి చుట్టాలే, కాకపోతే శ్రమ ఇంటివారిది. లారీలు తిరిగే పెద్ద రోడ్డుపై మాత్రం పిల్లలతో వెళ్లవద్దు.

గుండెజబ్బు, అదుపులో లేని రక్తపోటు ఉన్నవారు వైద్యుని అనుమతి లేక మొదలుపెట్టరాదు. మధుమేహానికి ఇన్సులిన్ గాని మాత్రలు గాని వాడేవారు జేబులో చక్కెర ఉంచుకోవాలి. చెమట, వణుకు, కళ్లు తిరగడం కనిపిస్తే వెంటనే ఆగి నోట వేసుకోవాలి. ఇది అశ్రద్ధ చేసే విషయం కాదు.

భోజనమైన వెంటనే తొక్కరాదు. గ్రీష్మంలో వ్యాయామం, ఎండ రెండూ వర్జ్యమన్నారు కనుక, ఆ రోజులలో తప్పనిసరి పనులు ఉదయపు చల్లని వేళలోనే, తీరికగా తొక్కుతూ ముగించుకోవాలి. కొత్తలో పిక్కలు పట్టివేస్తే గోరువెచ్చని నువ్వులనూనె మర్దించి, అరగంట తరువాత వేడినీటితో స్నానం చేయండి.