ఉత్తరంలో పిడకల వేట వద్దు!

కిందటి వేసవిలో మా వీధి కుళాయికి వారం రోజులు నీళ్ళు రాలేదు. "నువ్వు చదువుకున్నదానివి, అర్జీ రాయమ్మా" అన్నారు అందరూ. సరే అని కూర్చున్నాను. మండే ఎండలు, రోడ్డు తవ్వేసి వదిలేసిన వైనం, ఎదురింటివారి మోటారు చప్పుడు... అన్నీ కలిపి రెండు పేజీలు! పక్కింటి పిన్నిగారు విని, "బాగానే ఉందమ్మా, ఇంతకీ ఏ వీధో రాసేవా?" అన్నారు. చూద్దును కదా, వీధి పేరే లేదు! రామాయణంలో పిడకల వేట అంటే ఇదే కదండీ.

ఎందుకు రాస్తున్నామో మరచిపోకుండా రాయడమెలాగో మన విజయనగరం గురజాడ అప్పారావుగారిని చూసి నేర్చుకోవచ్చు. ఆ రోజుల్లో ఆనంద గజపతి మహారాజావారు విశాఖ ప్రాంతంలో డబ్బు పుచ్చుకుని చేసిన పెళ్ళిళ్ళ జాబితా రాయించారు. మూడేళ్ళలో 1034 తేలాయి! అందులో ముగ్గురు పెళ్ళికూతుళ్ళకి ఏడాది వయసు. ఒక్కొక్కరి వెల 350 నుంచి 400 రూపాయలు.

ఈ ఘోరాన్ని జనానికి చూపించాలనే గురజాడవారు 'కన్యాశుల్కం' రాశారు. 1897లో అచ్చయిన పుస్తకానికి ముందుమాటలో ఆ సంగతి చెప్పారు కూడా. జనానికి చేరాలి గనక జనం మాట్లాడే భాషలోనే రాశారు. 1909లో నాటకాన్ని బాగా పెంచి మళ్ళీ రాశారు. గిరీశం కోతలకి పడీపడీ నవ్వుతాం. అయినా చిన్నారి సుబ్బిని ముసలి లుబ్ధావధాన్లుకి కట్టబెడతారేమోనన్న బెంగ మనని వదలదు. చూశారా, పొడుగ్గా రాయడం తప్పు కాదు. దారి తప్పడమే తప్పు.

మరి మనం ఏం చెయ్యాలి?

* కాగితం పైన "ఇది ఎవరికి? వాళ్ళు ఏం చెయ్యాలి?" అని ఒక్క ముక్క రాసి పెట్టుకోండి.
* అసలు సంగతి మొదటి రెండు వాక్యాల్లోనే చెప్పెయ్యండి.
* రాశాక పైకి చదవండి. పైన రాసుకున్న ముక్కకి పనికిరాని వాక్యం ఎంత ముద్దుగా ఉన్నా కొట్టెయ్యండి. బియ్యంలో రాళ్ళు ఏరినట్టే!
* వంటకం రాసి పంపుతుంటే, కొత్తగా కాపురానికొచ్చిన అమ్మాయి చదువుతోందనుకోండి. "తగినంత" అంటే ఆమెకి తెలియదు. చెంచాల్లో చెప్పండి.

నా రెండో అర్జీలో నాలుగే వాక్యాలు: వీధి పేరు, ఎన్నాళ్ళుగా నీళ్ళు లేవు, ఎన్ని ఇళ్ళవారు అవస్థ పడుతున్నారు, ఏం కావాలి. కింద అందరి సంతకాలూ. మూడోరోజు పొద్దున్నే కుళాయి దగ్గర బిందెల చప్పుడు వినబడింది!