సానపట్టని స్ఫటికము

మెట్టపొలములలో నాగటిచాలు వెంట బయటపడునదియు, చీకటిలో రెండు ముక్కలను గట్టిగా రాచినచో లోపలినుండి మినుకుమని వెలుగు చూపునదియు నగు తెల్లని పలుగురాయిని ఎఱుగని పల్లెవాసి తెలుగునాట అరుదు. దేవతార్చన పీఠముమీది స్ఫటికలింగమును, జపము చేయువారి చేతిలోని స్ఫటికమాలను చూడనివారును అంతే అరుదు. ఈ రెండును ఒక్క ఖనిజమే. సిలికాన్ పరమాణువు ఒకటికి ఆక్సిజన్ పరమాణువులు రెండు చొప్పున కూడి, క్వార్ట్జ్ అను పేర భూమి పైపొరయందు విస్తారముగా వ్యాపించియున్న పదార్థమిది. అయితే పొలములోని రాతికి రూపము లేదు. మాలలోని పూసకున్న రూపము పనివాడిచ్చినది. ఉలి సోకక, సానరాయి తగులక, ఆరు పలకల స్తంభమై లేచి కొనయందు సూదిగా ముగిసిన స్ఫటికము, తనకు తానై రూపము తాల్చినది, వేఱొకటి కలదు. ఖనిజసంగ్రాహకులు ప్రాణప్రదముగా చూచుకొనునది దీనినే. ఆ యభిమానము ఎంత యుచితమైనదో తెలియవలెనన్న ఆ రాతి పుట్టుక తెలియవలెను.

పలుగురాయి రూపహీనమగుటకు కారణము చోటు చాలకపోవుటయే. గ్రానైటు శిల గట్టిపడునప్పుడు క్వార్ట్జ్ వెనుకబడి గట్టిపడును గనుక, అప్పటికే స్థలమాక్రమించిన ఇతర ఖనిజముల సందులలో ఇఱుకుకొని, ఆ సందు ఏ యాకారమున నున్న ఆ యాకారమునే పొందును. శిల చీలి లోపల ఖాళీ యేర్పడినపుడుగాని దాని నిజరూపము బయలుపడదు. స్విట్జర్లాండులోని ఆల్ప్స్ పర్వతములలో, గ్రిమ్‌సెల్ కనుమ ప్రాంతమున, ఇది మహావైభవముగా జరిగినది. సుమారు కోటిన్నర సంవత్సరములకు పూర్వము, పర్వతములు పైకి లేచుచుండిన కాలమున, ఆ ఒత్తిళ్లకు గ్రానైటు అక్కడక్కడ చీలగా, మైళ్ల లోతున నున్న ఆ చీలికలలోనికి 400 డిగ్రీల సెంటిగ్రేడుకు సమీపమైన వేడిగల నీరు చేరి, మీది బరువువలన ఆవిరై పోజాలక, చుట్టుపట్ల శిలలోని క్వార్ట్జ్‌ను కరగించుకొనినది. పిమ్మట దీర్ఘకాలము మెల్లమెల్లగా చల్లారుచు, చల్లారు పాకములో దారమునంటి పటికబెల్లము పలుకులు పెరుగునట్లు, గోడలనంటి స్ఫటికములను పెంచినది.

స్ఫటికములు పెరిగిన ఈ చీలికగుహలను వెదకి జీవించువారిని అచ్చట స్ట్రాలర్లందురు. కొండచరియపై తెల్లని పలుగుచార యొకటి సాగిపోవుటయు, దాని ప్రక్కనున్న శిల వేడినీటికి సారము కోల్పోయి గుల్లబారియుండుటయు వారికి ఆనవాళ్లు. కొన వంచిన పొడవైన ఇనుపకడ్డీతో లోపలి ఆకుపచ్చని క్లోరైటు ఇసుకను నెమ్మదిగా లాగుచు, అందు కూరుకొనియున్న స్ఫటికములను ఒక్కొక్కటిగా చేతితో తడవి తీయుదురు. 1719లో ట్సింగెన్‌స్టాక్ కొండలో దొరకిన గుహనుండి సుమారు 50 టన్నుల స్ఫటికము వెలువడినదని ప్రసిద్ధి. 1868లో టీఫెన్ హిమానీనదముచెంత బయల్పడిన నల్లని ధూమ్రస్ఫటికములలో కొన్నిటిని నేటికిని బెర్న్ నగరపు ప్రకృతిచరిత్ర ప్రదర్శనశాలలో చూడవచ్చును.

ఇట్టి స్ఫటికమునొకదానిని కిటికీ వెలుతురులో మెల్లగా త్రిప్పి చూడుడు. స్తంభపు పలకలమీద అడ్డముగా సన్నని గీతలు కనబడును, గోటికి తగులును. కొననున్న పలకలు మాత్రము నున్నగా నుండును. గాజునుండి చెక్కిన బొమ్మకు ఈ భేదముండదు. లోపల కొన ఆకారముననే పలుచని ఆకుపచ్చ పొర యొకటి కానవచ్చినచో, ఒకప్పుడు స్ఫటికపు కొన అంతవఱకే యుండెననియు, అప్పుడు దానిపై క్లోరైటు ధూళి వ్రాలెననియు, పిదప పెరుగుదల మరల సాగెననియు గ్రహింపవలెను. అడుగున విఱిగిన చోట చిన్నచిన్న మెఱయు పలకలు మొలచియున్నచో, భూమి కదలికకు గుహలోనే విఱిగి పడిన స్ఫటికము ఆ గాయమును తానే మాన్పుకొన్నదన్నమాట. పొగరంగునకును కారణమున్నది: సిలికాన్ స్థానములలో అక్కడక్కడ అల్యూమినియము చేరగా, చుట్టునున్న గ్రానైటులోని రేడియోధార్మిక మూలకముల కిరణములు యుగములపాటు సోకుటచే ఆ వర్ణము కలిగినది. వీనిలో ఏ యొక్క గుఱుతునైనను సానరాయి క్షణములో తుడిచివేయగలదు. నున్నగా మెఱపుపెట్టిన స్ఫటికమును చూచి ఆనందించువారిని నేను తప్పుపట్టను. కాని అందు చదువదగిన చరిత్ర చాలవఱకు పోయినదని బాధపడకుండ నుండలేను.

పూర్వులకు ఈ దృష్టి లేదు. స్ఫటికము మిక్కిలి గట్టిగా గడ్డకట్టిన మంచేయని రోమను పండితుడు ప్లీని నమ్మెను. పదునాఱవ, పదునేడవ శతాబ్దములలో మిలాను శిల్పులు దానిని పాత్రలుగాను కలశములుగాను చెక్కిరి. అయితే డెన్మార్కున జన్మించి ఫ్లోరెన్సున నివసించిన స్టేనో అను వైద్యుడు 1669లో ప్రకటించిన గ్రంథమున, స్ఫటికము వెలుపలినుండి పొరలు చేరుటవలన పెరుగుననియు, పలకలు పెద్దవైనను చిన్నవైనను వాని నడిమి కోణములు మాఱవనియు చూపెను. వంకరగా పెరిగిన స్ఫటికములోనైనను స్తంభపు ప్రక్కపలకల నడుమ కోణము 120 డిగ్రీలే! 1880లో క్యూరీ సోదరులు క్వార్ట్జ్‌ను నొక్కినచో విద్యుత్తు పుట్టునని కనుగొనిరి. నేటి చేతిగడియారములలో క్వార్ట్జ్ సెకనుకు 32,768 మార్లు కంపించుచు కాలమును కొలుచునది ఆ గుణమువలననే. గడియారములకు వలయు క్వార్ట్జ్‌ను ఇప్పుడు కార్ఖానాలలోనే పెంచుచున్నారు గనుక, సహజస్ఫటికమునకు మిగిలిన విలువ ముఖ్యముగా దాని జన్మవృత్తాంతమే.

అందుచేతనే నిజమైన సంగ్రాహకుడు మొదట అడుగునది ధర కాదు, ఊరు. ఏ దేశము, ఏ కొండ, ఏ గని, ఎప్పుడు తీసినది అను వివరములు గల చిన్న చీటీ పోయినచో, ఎంత సుందరమైన స్ఫటికమునకైనను వెల సగము పడిపోవుట వింత గాదు. బజారులో మోసములును లేకపోలేదు: రూపములేని పలుగుముద్దను ఆరు పలకలుగా సానపట్టి సహజమని అమ్ముదురు, విఱిగిన స్ఫటికమును వేఱొక రాతికి జిగురుతో అతికింతురు, తెల్లనిదానికి యంత్రములలో కిరణములు సోకించి కారునలుపు చేయుదురు. అతుకు దగ్గఱ భూతద్దముతో చూచినచో జిగురు బుడగలు తఱచుగా పట్టుబడును. సానపట్టినదానికి అడ్డగీతలుండవు, కోణములును సరిపడవు.

జన్మస్థానమునుండి కదలింపకయే చూడదగిన స్ఫటికములును కలవు. 1974లో గ్రిమ్‌సెల్ ప్రాంతమున జలవిద్యుత్కేంద్రమునకై సొరంగము త్రవ్వుచుండగా గెర్‌స్టెనెగ్ అనుచోట స్ఫటికములతో నిండిన చీలిక యొకటి బయటపడెను. దానిని పగులగొట్టి పంచుకొనక, ఉన్నదున్నట్లు రక్షించిరి. సొరంగములోనికి పోయిన సందర్శకులు అద్దము వెనుక ఆ స్ఫటికములను, పుట్టిన గోడనంటియున్న స్థితిలోనే నేడు చూచుచున్నారు.