జిల్లేడులో రెండు జాతులు - కంటికి రెండూ ప్రమాదమే

వినుకొండ చుట్టుపక్కల చేల గట్ల మీద, రైలు కట్ట వెంబడి, కొండ దిగువ బీళ్ళలో ఏ కాలంలో చూసినా పూలతో కనిపించే మొక్క జిల్లేడు. నీరు పోసేవారు లేకున్నా బ్రతుకుతుంది. నరికినా మొదట్లో నుండి మళ్ళీ చిగురిస్తుంది. మందు మొక్కగా దానికి మన పల్లెల్లో పెద్ద పేరు.

"ఎర్ర జిల్లేడు విషం, తెల్ల జిల్లేడు మంచిది" అనే మాట తరచు వింటుంటాము. ఆ ధైర్యంతోనే కొందరు తెల్లదాని పాలను పుండ్లకు, పంటి నొప్పికి, తేలు కాటుకు వాడుతుంటారు. ఇంతకీ తెల్ల జిల్లేడు అంటే ఏది?

గుర్తుపట్టడం ఎలా?

మన దేశంలో ముఖ్యంగా రెండు జాతులున్నాయి. ఒకటి కెలోట్రోపిస్ జైగాన్షియా. దీనిని 1753లో లినేయస్ వర్ణించారు. రెండవది కెలోట్రోపిస్ ప్రొసెరా. దీనిని 1789లో ఐటన్ వర్ణించారు. తేడాలు ఇవి:

మొగ్గ: జైగాన్షియా మొగ్గ కోలగా ఉంటుంది. ప్రొసెరా మొగ్గ గుండ్రంగా ఉంటుంది.

రేకులు: జైగాన్షియా పువ్వులో అయిదు రేకులు వెడల్పుగా పరచుకొని, తరచు వెనక్కి వంగుతాయి. ప్రొసెరా రేకులు పైకి నిలబడి గిన్నెలా ఉంటాయి. వాటి లోపలివైపు కొసలకు ఊదా రంగు మచ్చ ఉంటుంది.

కాయ: ప్రొసెరా కాయ మామిడికాయలా ఉబ్బి, నొక్కితే మెత్తగా ఉంటుంది. జైగాన్షియా కాయ దానికంటే సన్నగా ఉంటుంది.

రంగును మాత్రం నమ్మవద్దు. జైగాన్షియాలో లేత ఊదా పూల మొక్కలతోపాటు పూర్తిగా తెల్ల పూలు పూసేవీ ఉన్నాయి. ప్రొసెరా కూడా దూరం నుండి తెల్లగానే కనిపిస్తుంది. కాబట్టి "తెల్ల జిల్లేడు" అన్న ఒక్క పేరు కింద రెండు వేర్వేరు జాతులు చేరిపోయాయి.

పాలలో మాత్రం తేడా లేదు

రెండింటి పాలలోనూ కాలోట్రోపిన్ వంటి విష పదార్థాలున్నాయి. అవి కడుపులోకి వెళితే గుండె మీద పనిచేస్తాయి. గర్భం పోవడానికి జిల్లేడు పుల్ల వాడడం తల్లి ప్రాణానికే ముప్పు.

అన్నింటికంటే ఎక్కువగా మోసపోయేది కంటి విషయంలో. మిరపకాయలు కోసిన చేయి కంటికి తగిలితే భగ్గున మండుతుంది, వెంటనే కడుక్కుంటాము. జిల్లేడు పాలు పడితే చాలామందికి నొప్పి పెద్దగా తెలియదు. కొన్ని గంటల తర్వాత చూపు మసకబారుతుంది, దీపం చుట్టూ రంగుల వలయాలు కనిపిస్తాయి. ఆ పాలు నల్లగుడ్డు పైపొరను దాటి లోపలి పొర కణాలను దెబ్బతీయడమే దీనికి కారణం. నల్లగుడ్డును తేటగా ఉంచేవి ఆ కణాలే. చనిపోయిన కణాల స్థానంలో కొత్తవి పుట్టవు. అయినా త్వరగా వైద్యం అందితే ఎక్కువ మందికి చూపు తేటపడుతుంది. నొప్పి లేదని ఊరుకుంటే నష్టపోతాము.

కంట్లో పడితే ఏం చేయాలి?

1. వెంటనే శుభ్రమైన నీటితో, రెప్పలు తెరచి, కనీసం 15 నిమిషాలు ధారగా కడగండి.
2. కన్ను నలపవద్దు. ఆముదం, చనుబాలు, ఆకు పసరు పోయవద్దు.
3. మందుల షాపులో చుక్కలు కొని సొంతంగా వేయవద్దు.
4. నొప్పి లేకపోయినా అదే రోజు కంటి డాక్టరుకు చూపించండి. పడినది జిల్లేడు పాలని తప్పక చెప్పండి.

పండుగకు ఆకులు కోసేవారు, గట్లు బాగుచేసేవారు, మొగ్గలు చిట్లించి ఆడుకునే పిల్లలు సబ్బుతో చేతులు కడిగిన తర్వాతే ముఖం తాకాలి. పిల్లలకు రెండు జాతులనూ చూపించండి, తేడాలు నేర్పండి. కానీ ఏ జిల్లేడు పాలైనా కంటి దరికి రాకూడదని ముందుగా చెప్పండి.