రాతి కడుపులో ఏముంది?

శుక్రవారం సాయంత్రం. హైటెక్ సిటీ ఆఫీసుల్లో పని ముగిసింది. కొండాపూర్‌లో ఒక అపార్ట్‌మెంటు ముందు మినీ బస్సు ఆగింది. పదిమంది ఆఫీసు పిల్లలు సంచులు ఎక్కిస్తున్నారు.

"ఎక్కడికి పోతున్నరమ్మా?" అని అడిగింది ఆ ఇళ్లల్లో పనిచేసే అక్క.

"బెలుం గుహలకు అక్కా. ఆ తర్వాత గండికోట."

"రాళ్లు చూసేందుకు గంత దూరమా? ఈడ లేవా రాళ్లు?"

అందరూ నవ్వారు. కానీ అక్క అడిగింది మంచి ప్రశ్నే.

హైదరాబాదు నిండా రాళ్లే. దుర్గం చెరువు దగ్గర చూడండి. బండ మీద బండ ఎవరో పేర్చినట్టు ఉంటుంది. అది గ్రానైటు రాయి. వయసు సుమారు 250 కోట్ల ఏళ్లు. భూమి లోపల కరిగి ఉన్న రాయి చల్లబడి ఇట్లా గట్టిపడింది. అంత వేడిలో ఏ ప్రాణి గుర్తూ మిగలదు. ఈ రాయి నీళ్లకు సులభంగా కరగదు కూడా. అందుకే ఇక్కడ అంత పెద్ద గుహలు లేవు.

బెలుం రాయి వేరు. అది సున్నపురాయి. మనం ఇంట్లో పరిచే నాపరాయి, బేతంచర్ల బండ ఆ జాతివే. కోట్ల ఏళ్ల కిందట అక్కడ సముద్రం ఉండేది. దాని అడుగున పేరుకున్న సున్నపు బురదే రాయి అయింది.

మరి రాయిలో గుహ ఎట్లా పడింది? ఒక పని చేయండి. కోడిగుడ్డు పెంకును నిమ్మరసంలో వేయండి. బుడగలు వస్తాయి. పెంకు మెల్లగా పలచబడుతుంది. పెంకులో ఉన్నదీ, సున్నపురాయిలో ఉన్నదీ ఒకటే పదార్థం. వాన నీటిలోనూ కొంచెం పులుపు ఉంటుంది. మన నాలుకకు తెలియదు, రాయికి తెలుస్తుంది. ఆ నీరు పగుళ్లలోకి దిగి, వేల వేల ఏళ్లు రాయిని కరిగించింది. సందు దారి అయింది. దారి గుహ అయింది.

బోరు నీళ్లు కాచే గిన్నెకు తెల్లటి పొర పడుతుంది కదా? గుహ కప్పు నుంచి కారే చుక్క కూడా అట్లాగే కొంచెం సున్నం వదిలిపోతుంది. ఆ సున్నమే ఊడల్లాగా వేలాడుతుంది. ఒక్క అంగుళం పెరగడానికి వందల ఏళ్లు పట్టవచ్చు. విరిచేందుకు ఒక్క క్షణం చాలు.

బెలుం నంద్యాల జిల్లా కొలిమిగుండ్ల మండలంలో ఉంది. పైన చూస్తే మామూలు పొలం. పొలంలో బావుల్లాంటి మూడు గుంతలు. నడిమి గుంతలో నుంచే లోపలికి దిగాలి. గుహ పొడవు 3,229 మీటర్లు. అందులో సుమారు ఒకటిన్నర కిలోమీటరు మనల్ని నడవనిస్తారు. లోపల ఉక్క, చెమట. 1884లో రాబర్ట్ బ్రూస్ ఫుట్ అనే దొర ఈ గుహల సంగతి రాశాడు. 1982లో జర్మనీ వాళ్లు వచ్చి లోపల కొలిచారు. అయినా 1988 దాకా చుట్టుపక్కల చెత్త ఇందులోనే పోసేవారట! ఊరి పెద్దలు కొందరు పట్టుబట్టి ఆపించారు. 2002లో జనానికి తెరిచారు.

బేతంచర్ల దగ్గర బిల్లసర్గం గుహలు ఉన్నాయి. ఆ ఫుట్ దొరే 1880లలో అక్కడ మట్టి తవ్వించాడు. ఖడ్గమృగం ఎముకలు దొరికాయి! ఇప్పుడు మన దక్షిణాదిన ఎక్కడా అడవిలో ఖడ్గమృగం లేదు. ఒకప్పుడు కర్నూలు సీమలో తిరిగిందన్న మాట. ఎముక మట్టిలో కూరుకుపోతే, నీటిలోని ఖనిజాలు అందులో చేరి మెల్లగా రాయిగా మారుస్తాయి. దాన్నే శిలాజం అంటారు. అంత దూరం పోలేని వాళ్లు హైదరాబాదు బిర్లా సైన్స్ మ్యూజియంలో చూడవచ్చు. పాత ఆదిలాబాద్ జిల్లాలో దొరికిన రాక్షసబల్లి అస్థిపంజరం అక్కడ నిలబెట్టి ఉంది.

గండికోట సంగతి ఇంకోటి. చెరువుకు గండి పడింది అంటాం కదా, ఆ గండే ఇది. పెన్నా నది ఇసుకను, గులకరాళ్లను ఈడ్చుకుపోతూ ఎర్రమల కొండను కోసేసింది. లోయ వెడల్పు సుమారు 300 అడుగులు. ఫోటో కోసం అంచుకు పోవద్దు, కాలు జారితే లోయలో పడతారు.

ఇంకో మాట. సిమెంటు చేసేదీ సున్నపురాయితోనే. కొలిమిగుండ్ల వైపు సిమెంటు ఫ్యాక్టరీలు ఉన్నాయి. హైటెక్ సిటీలో లేచే ప్రతి మేడకూ సిమెంటు కావాలి. ఇక్కడి గ్రానైటు బండలు కూడా మేడల కోసమే పగులుతున్నాయి. మేడలు వద్దని ఎవరంటారు? ఏ రాయిని పగలగొట్టాలి, దేన్ని వదలాలి అన్నదే పేచీ.

సోమవారం పొద్దున ఆ అమ్మాయి ఫోనులో ఫోటోలు చూపించింది. అక్క చాలాసేపు చూసింది. కింద రాసి ఉన్న పేరును కూడబలుక్కుని చదివింది. "బె...లుం."

తర్వాత అడిగింది. "మా సంఘంలో ఇరవై మందిమి ఉన్నం. బస్సుకు ఎంత తీసుకున్నరమ్మా?"